వాదపోటీలలో వరుస నిర్ణయము – నాడు, నేడు

వాదమున గెలుపోటములు వాగ్మి నాలుకయందే కలవని లోకము తలచును. కాని వాగ్మి నోరు విప్పుటకు ముందే యొక తీర్పు జరిగిపోవుచున్నది. ఎవ్వరితో నెవ్వరు తలపడవలెను, ఏ విడతలో తలపడవలెను అను నిర్ణయమే యా తీర్పు. దానిని వ్రాయువానికి సభలో నున్నతాసనము లేదు. పూలదండ వేయువారును లేరు. ఒక మూలనున్న బల్లయొద్ద కాగితములు ముందిడుకొని వాడు కూడికలు చేయుచుండును. వాని కలము తడబడిన యెడల, యోగ్యుడైన యొక బాలుడు తనకు రావలసిన యవకాశము రాకయే యింటిదారి పట్టును. లెక్కలు వ్రాసి జీవించువాడనగుటచే నాకీ విషయమున నాసక్తి మెండు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు దీని పూర్వోత్తరములను విన్నవించుట యుచితమని తలచితిని.

మన పూర్వులు వాదమును శాస్త్రముగా నెంచిరి. గౌతముని న్యాయసూత్రములు 16 పదార్థములను చెప్పుచు వానిలో వాదమునకు, జల్పమునకు, వితండకు వేర్వేరుగా స్థానమిచ్చినవి. తత్త్వము తేల్చుకొనుటకైనది వాదము. గెలుపే ప్రధానమైనది జల్పము. తన పక్షమును నిలుపక యెదుటివాని పక్షమును పడగొట్టుట మాత్రమే వితండ. ఓటమిని తెలుపు నిగ్రహస్థానములు 22 అని యా శాస్త్రమే లెక్కించినది. ఏ మాటతో నోడినట్లగునో మాట పుట్టకముందే చెప్పియుంచుట యెంతటి న్యాయదృష్టియో గమనింపుడు.

చరకసంహిత మఱియొక యడుగు ముందునకు వేసినది. విమానస్థానమునందలి యెనిమిదవ యధ్యాయమున వైద్యులు తమలో తాము చర్చించుకొను విధి గలదు. ప్రతివాదితో తలపడుటకు ముందు వానిని పరీక్షింపుమని యా గ్రంథము చెప్పుచున్నది. శ్రుతము, విజ్ఞానము, ధారణ, ప్రతిభ, వచనశక్తి యనునవి గుణములు. కోపము, నేర్పులేమి, పిఱికితనము, ధారణలేమి, ఏమఱుపాటు అనునవి దోషములు. వీనిని తనయందును నెదుటివానియందును తూచి, వాడు తనకంటె నధికుడో, సముడో, హీనుడో తెలిసికొనవలెను. నేటి పోటీలలోని స్థానక్రమమునకు బీజము ఈ త్రివిధ విభాగమున నున్నదని నా యభిప్రాయము. అయితే నొక భేదము కలదు. అచ్చట త్రాసు పట్టినవాడు వాదియే; తూనిక తన లాభము కొఱకే. నేటి పోటీలో త్రాసు మూడవవాని చేతిలో నున్నది. తూనిక యందఱి కొఱకు. వాది చేతినుండి మధ్యస్థుని చేతికి త్రాసు మాఱిన వృత్తాంతమే యీ విషయముయొక్క చరిత్ర.

మధ్యస్థుడు లేని పోటీ యెట్లు పరిణమించునో పల్నాటివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. పన్నెండవ శతాబ్దమున మాచర్ల, గురజాల పక్షముల నడుమ జరిగిన కోడిపోరు మన పిల్లలకు సైతము తెలిసిన కథయే. ఒక్క పోరుమీద నొడ్డిన పణము ఏడేండ్ల రాజ్యత్యాగము. బ్రహ్మనాయనిపక్ష మోడినది; మలిదేవాదులు మాచర్ల విడిచి వెడలిరి. నాగమ్మ కపటముచే గెలిచెనను మాట నాటినుండి నేటివఱకు కథకుల నోట నిలిచియున్నది. తుదకు కార్యమపూడి నేల నెత్తుటితో తడిసినది. ఒక్క యోటమితో సర్వమును తొలగించు పోటీ యెంత కఠినమైనదో, దానిని సరిచూచువాడు లేనిచో ననుమానమే యెట్లు చరిత్రయై కూర్చుండునో యీ కథ తెలుపుచున్నది.

ఈ కథను ద్విపదగా రచించెనని చెప్పబడు శ్రీనాథ మహాకవియు వాదరంగమున దిట్టయే. ఆయన కొండవీటి పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారి. నరసరావుపేట నుండి గుంటూరు పోవు త్రోవలోని ఫిరంగిపురపు శాసనమున నాయన యా పదవితోడనే పేర్కొనబడినాడు. తరువాత విజయనగరమున ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును గెలిచి, యాతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము నందెనని ప్రసిద్ధి. నాటిది దిగ్విజయ పద్ధతి. వచ్చినవాడు క్రింది మెట్లెక్కక నేరుగా నాస్థాన విద్వాంసునే ఢీకొనును. విడతలు లేవు, వరుసలు లేవు. రాజదర్శనము లభించుటయే మొదటి విడత యనవచ్చును. ఆ విడతలోనే తొలగిపోయిన పండితు లెందఱో! వారి విద్యను తూచువారు లేకపోయిరి. ద్వారముకడ నిలిచిన సిఫారసు మాత్రము తూచబడినది.

ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో నీ సమస్య మన సీమలోనే మఱియొక రూపమున తలయెత్తినది. నరసరావుపేటకు సమీపముననున్న కొప్పరమునందు జన్మించిన సోదరకవులు వేంకటసుబ్బరాయకవి (1885–1932), వేంకటరమణకవి (1887–1942) ఆశుకవితావేగమునకు పేరుమోసిరి. అప్పటికే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) తిరుపతి వేంకట కవులను పేర శతావధానములతో నాంధ్రదేశమెల్ల చుట్టి, తమను గెలుచువారు గలరేని రండని మీసములు పెంచియుండిరి. ఈ రెండు జంటలకును స్పర్ధ పెరిగినది. గుంటూరు సీమలో పక్షములు పుట్టినవి, ఖండనమండనములు సాగినవి. ఎవ రధికులన్న ప్రశ్న సాహిత్యాభిమానుల యరుగులమీద నేటికిని తీఱలేదు. వేగము కొలతయా, ధారణ కొలతయా, కవిత్వపు పొంకము కొలతయా యని ముందుగా నంగీకరించి వ్రాసికొననిచోట మహాకవుల నడుమనైనను తగవు తెగదు. విద్వత్తు కొఱతవడి కాదు, కొలత కొఱతవడియే యట్లగును.

1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో నాంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడిన పిమ్మట, గ్రంథాలయములు పుస్తకము లిచ్చుటతో నాగక యుపన్యాసములకు, చర్చలకు వేదికలైనవి. రాజద్వారమున దొరకని యవకాశము పల్లెటూరి కుఱ్ఱవానికి గ్రంథాలయపు వరండాలో దొరకినది. కాని యవకాశ మందఱికిని రాగానే వరుస యను ప్రశ్నయు వచ్చును. ఇరువురే యున్నచో వరుసతో పనిలేదు. ఇరువదిమంది యున్నచో నదియే ప్రధానము.

పాశ్చాత్యదేశములలో నీ ప్రశ్నను తొలుత గణితదృష్టితో విమర్శించినవారిలో లూయీ కరోలను కలము పేరుగల డాడ్జ్‌సన్ పండితు డొకడు. పిల్లల కథలు వ్రాసిన యా గణితాచార్యుడే 1883లో టెన్నిసు పోటీల బహుమతి పద్ధతి యన్యాయమని యొక చిన్న పుస్తకము ప్రకటించెను. 32 మంది యాటగాండ్రను చీట్లు వేసి జతకూర్చి, ఓడినవారిని తొలగించుచు పోయినచో, నిజముగా రెండవ స్థానమునకు తగినవానికి రెండవ బహుమతి దక్కు సంభావ్యత 31లో 16 పాళ్లు మాత్రమే. కారణము సులభము. వాడు మొదటివాని సగములోనే పడినయెడల ఫైనలునకు ముందే వానిచేత నోడిపోవును. 8 జట్ల పోటీలోనైనను నీ యపాయము 7లో 3 పాళ్లుండును.

దీనికి విరుగుడుగా పుట్టినదే ‘సీడింగు’. విత్తుట యని యా మాటకర్థము. మెట్టరైతు విత్తనముల నొకేచోట కుప్పవోయక గొఱ్ఱుతో చాళ్లలో నెడమెడముగా విత్తునట్లు, బలమైన జట్ల నొకేచోట చేరనీయక పట్టికయందు దూరదూరముగా నుంచుటయే దీని తత్త్వము. 1927లో వింబుల్డను టెన్నిసు పోటీయందిది యోగ్యతానుసారముగా నమలులోనికి వచ్చినది. వాదరంగమున 1981లో గ్లాస్గోలో విశ్వవిద్యాలయముల ప్రపంచపోటీయు, 1988లో ఆస్ట్రేలియాలో పాఠశాలల ప్రపంచపోటీయు నారంభమైనవి. ఈ పోటీలలో తొలి విడతల యందెవ్వరును తొలగరు. ఆ విడతల ఫలితములనుబట్టి వరుస కట్టి, పైవారిని మాత్రము తొలగింపు విడతలకు పంపుదురు. పాఠశాలల పోటీలో మొదట గెలుపుల సంఖ్యను, అవి సమమైనచో పక్షముననున్న న్యాయనిర్ణేతల సంఖ్యను, అదియు సమమైనచో వక్తల మార్కులను చూతురు. కోపము, భీతి, ధారణ యని చరకుడు మనసులో తూచినదానిని వీరు కాగితముపై తూచుచున్నారు.

ఇక నీ పని చేయు విధమును సంగ్రహముగా చెప్పెదను. 12 జట్లు, 4 తొలి విడతలు, తరువాతి పోటీకి 8 జట్లు అనుకొందము. విడతకు 6 వాదములు; మొత్తము 24. కావున పట్టికలో గెలుపులు 24, ఓటములు 24 ఉండితీరవలెను. ఒక్కటి తగ్గినను పెరిగినను ముందునకు పోరాదు. పిమ్మట మార్కులను జట్టువారీగా నడ్డమునకును, విడతవారీగా నిలువునకును కూడవలెను. రెండు మొత్తములును కలియవలెను. కలియక, భేదము 9చే నిశ్శేషముగా భాగింపబడినచో నంకెలు తాఱుమాఱైనవేమో యని మొదట వెదకవలెను. ఇది చిట్టా ఆవర్జాలు వ్రాయువా రెఱిగిన పాత కిటుకు.

ఈ కిటుకు స్వల్పమని తలపరాదు. గెలుపులు సమానముగానున్న రెండు జట్లు ఎనిమిదవ స్థానమునకు పోటీపడుచున్నవనుకొందము. ఒకదానికి 876 మార్కులు, రెండవదానికి 870. వ్రాయువాడు 876ను 867గా నెత్తివ్రాసెను. తొమ్మిది మార్కుల తేడా. అంకెలు రెండే తాఱుమాఱు. కాని దానిచే నొక పల్లెటూరి బడి జట్టు మధ్యాహ్నపు బస్సెక్కి యింటికి పోవును. వారి వాదములో లోపము లేదు, తీర్పులో లోపము లేదు, నకలులోనే లోపము. కావుననే నకలును నకలుతో సరిచూడరాదు. న్యాయనిర్ణేత చేవ్రాలు గల మూలపత్రమును ఒకడు బిగ్గరగా చదువుచుండ, పట్టిక వ్రాయని రెండవవాడు సరిచూడవలెను.

వరుస తేలిన పిమ్మట జతలు కూర్చుట. ఒక సగమున 1తో 8, 4తో 5; రెండవ సగమున 2తో 7, 3తో 6. ప్రతి జత మొత్తము 9 కావలెను. పై స్థానములవారే గెలిచినచో సెమీఫైనలున 1తో 4, 2తో 3, మొత్తము 5. ఫైనలున 1తో 2, మొత్తము 3. ఈ కూడికలు కుదిరినవేని పట్టిక సరియైనట్లే. జట్లు 11 అయినచో 16లో కొఱతపడిన 5 స్థానములను మొదటి అయిదు జట్లకు ‘బై’గా నిచ్చి, 6తో 11, 7తో 10, 8తో 9 తలపడవలెను, ప్రతి జతకును మొత్తము 17. ప్రతి వాదమును ఒక్క జట్టునే తొలగించును గనుక, 11 జట్లకు మొత్తము వాదములు 10 మాత్రమే.

ఇందు రెండు నియమములు ప్రాణతుల్యములు. సమానమైనప్పుడేమి చూడవలెనో, తుదకు చీటి యెప్పుడు వేయవలెనో, అంతయు తొలి విడతకు ముందే వ్రాసి చదివి వినిపింపవలెను. ఫలితములు తెలిసిన పిమ్మట పుట్టిన నియమము నియమము కాదు, పక్షపాతము. రెండవది: జతలు ప్రకటించుటకు ముందు వరుసపట్టికను మార్కులతోసహా గోడకు తగిలించి, అభ్యంతరములకు కొంత వ్యవధి నీయవలెను. ఒకే యూరి జట్లు రెండు తలపడుచున్నవనియో, దాతగారి బడి ముందే తొలగుననియో పట్టికను కదపరాదు.

బలవంతునకు బలహీనుని జతగూర్చుట ధర్మమా యని కొంద రడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఎనిమిదవవానికి దారి కఠినమే. కాని యా స్థానము వాని యూరిపేరునుబట్టియో బడి కీర్తినిబట్టియో వచ్చినది కాదు. తోటివారందఱితోపాటు తానును మాటాడి సంపాదించినది. చీటితో మొదటివానిని రెండవవానిని తొలినాడే ఢీకొల్పినచో నెవ్వరికిని మేలు లేదు. పైగా వరుస తీర్పు కాదు. తొలగింపు విడతలో పూర్వపు మార్కులు చెల్లవు. ఎనిమిదవవాడు మొదటివానిని గెలువవచ్చును, గెలిచినచో సభ హర్షింపవలెను. న్యాయనిర్ణేత తన ముందున్నవా రెన్నవ స్థానమువారో మఱచియే వినవలెను.

2022లో నరసరావుపేట కేంద్రముగా మనకు పల్నాడను పేరనే జిల్లా యేర్పడినది. పౌరుషమునకు పేరుగన్న యీ నేలపై పౌరుషము మాటలలోనికి మాఱుట గ్రంథాలయముల పుణ్యము. ఆ మాటల పోటీలకు న్యాయమైన పట్టిక వ్రాయుట, వ్రాసినదానిని నలుగురి ముందు సరిచూచుట, సరిచూచినదానికి చేవ్రాలు చేసి భద్రపఱచుట మన కర్తవ్యము. ఓడిన బాలుడు పట్టికను చూచి, “నా కన్యాయము జరుగలేదు, మరల వచ్చెదను” అని తలచి పోగలిగిననాడే పోటీ సఫలమైనట్లు. అట్టి బాలురు మన గ్రంథాలయపు బల్లలయొద్ద వృద్ధినొందుదురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.