చేపతోలు కుట్టిన తల్లులు

ఈవేళ మీకు ఒక చిన్న జాతివాళ్ళ సంగతి చెబుదామనుకుంటున్నాను. వాళ్ళ పేరు ఒరోచులు. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. అందులో మీ తప్పేమీ లేదు. 2010లో రష్యావాళ్ళు జనాభా లెక్కలు తీస్తే దేశం మొత్తం మీద తేలిన ఒరోచులు 596 మంది. మన ఇళ్ళల్లో ఓ మోస్తరు పెళ్ళికి వచ్చే బంధుబలగమంత! అంతకంటె విచారం కలిగించే సంగతి ఇంకొకటుంది. ఆ లెక్కల్లోనే తమకు ఒరోచు భాష వచ్చునని చెప్పినవాళ్ళు 8 మంది. మనుషులున్నారు, ఊళ్ళున్నాయి, మాట మాత్రం పోయింది. ఎలా పోయిందంటారా? అది తెలియాలంటే రాజుల చరిత్రలు తిరగేసి లాభం లేదు. వాళ్ళ ఇళ్ళలోకి, ముఖ్యంగా ఆడవాళ్ళ పనిపాటల్లోకి తొంగిచూడాలి.

ముందు చోటు చెప్పుకుందాం. మీ పిల్లల అట్లాసు తీసి జపానుకు పైన చూడండి. సహలిన్ అని ఒక పొడుగాటి దీవి కనిపిస్తుంది. ఆ దీవికీ ఆసియా ఖండానికీ నడుమనున్న సన్నని సముద్రపు పాయ పేరు తాతారు జలసంధి. ఖండం వైపు ఒడ్డున సిహోతె-అలీన్ కొండలు, ఆ కొండల్లో పుట్టి ఆ సముద్రంలో కలిసే తుమ్నిన్ నది. ఒరోచుల పుట్టిల్లు ఆ నదీతీరమే. చలి దేశం, దట్టమైన అడవి, నెలల తరబడి మంచు. వాళ్ళు తమను తాము ‘నాని’ అని చెప్పుకునేవారు. ‘నా’ అంటే నేల. ‘నాని’ అంటే ఈ నేలకు చెందినవాడు. ఒరోచి అన్నది పైవాళ్ళు పిలిచిన పేరు. రెయిన్‌డీర్ అనే మంచుదేశపు జింకను చెప్పే మాటలోంచి అది వచ్చిందని కొందరంటారు. తమాషా ఏమిటంటే వీళ్ళు ఆ జింకల్ని పెంచేవాళ్ళే కారు! వీళ్ళు పెంచినవి కుక్కల్ని. మంచు మీద బళ్ళు లాగేవి అవే. పేరు పెట్టేవాళ్ళు ఇంట్లోకి వచ్చి చూసి పెడతారా ఏమిటి?

పొలం, పంట ఎరగని ఆ ఇళ్ళకు అన్నం పెట్టింది సాల్మన్ చేప. మన గోదావరికి వరదనీరు వచ్చే రోజుల్లో పులస సముద్రంలోంచి ఏటికి ఎదురీదుతూ వస్తుంది కదా, అలాగే సాల్మన్లు గుంపులు గుంపులుగా తుమ్నిన్‌లోకి ఎదురెక్కి వచ్చేవి. పుస్తెలమ్మైనా పులస తినాలని మన సామెత. (అది కట్టింది మగవాళ్ళే అయి ఉంటారు లెండి!) ఒరోచు ఇల్లాలికి మాత్రం అది జిహ్వచాపల్యం కాదు, ఏడాది గ్రాసం. మగవాళ్ళు పట్టి ఒడ్డున పడేసిన చేపల్ని కోసి, పొట్ట తీసి, పొడుగాటి పేలికలుగా చీరి, ఉప్పయినా లేకుండా దండేల మీద ఆరగట్టేది ఆడవాళ్ళే. చేపల గుంపు ఎవరికోసమూ ఆగదు. ఆ కాసిన్ని రోజుల్లో చెయ్యి మందగిస్తే శీతాకాలమంతా ఇంటిల్లిపాదీ, కుక్కలతో సహా, పస్తే.

చేప తిన్నాక తోలు పారెయ్యరు. అదే బట్ట! మీరు ముక్కు మూసుకోకండి, పూర్తిగా వినండి. తోలు ఒలిచి ఎండబెట్టాలి, పొలుసు గీకాలి, చెక్కదిమ్మ మీద పెట్టి కొయ్యసుత్తితో మోది మోది మెత్తబరచాలి. చివరికి అది చేతిలో గుడ్డలాగే మడత పడుతుంది. అప్పుడు ముక్కలు కలిపి కుట్టాలి. దారం కూడా చేపతోలులోంచి సన్నగా కోసిందే. అంచుల్లో అంతటా మన మెలికల ముగ్గును తలపించే చుట్లు, వంపులు. అటు నుంచి చైనావాళ్ళు ఈ ప్రాంతపు జాతులన్నిటినీ కలిపి ‘చేపతోలు తాతారులు’ అనేవారు. అందులో వెటకారమే ఎక్కువ. ఒక అంగీ వెనక ఒక ఆడదాని ఎన్ని రోజుల రెక్కల కష్టం ఉందో వాళ్ళు లెక్కించినట్టు లేదు.

ఆ పనితనాన్ని మెచ్చుకున్న పరదేశి ఒకడున్నాడు. ఫ్రెంచి నావికుడు లాపెరూజ్. 1787 జూలై చివర అతని ఓడలు రెండు తాతారు జలసంధిలో ప్రయాణిస్తూ డి-కాస్త్రి అనే అఖాతంలో లంగరు వేశాయి. ఒరోచులన్న పేరు యూరపు పుస్తకాల కెక్కింది అతని రాతలతోనే. అతను చూసినవాళ్ళలో పొరుగు జాతి ఉల్చీలు కూడా ఉండవచ్చునని తర్వాతి పండితులంటారు, అందరూ దాయాదులే. ఆడవాళ్ళు సాల్మన్ తోలును ఎంతో మెత్తగా పదును చేసి అంగీలు కుట్టుకుంటారనీ, అంచులకు వేలాడే రాగి బిళ్ళలు గజ్జెల్లా మోగుతాయనీ అతను రాశాడు. సరుకులు వాళ్ళ ఊళ్ళో వదిలి వెళ్ళినా ఒక్కటీ పోలేదన్నాడు. నాకు మరీ నచ్చిన మాట ఇంకోటుంది. భార్యల సమ్మతి లేకుండా అక్కడి మగవాళ్ళు ఒక్క బేరమైనా కుదుర్చుకోలేదట! ఆ యేడే కంచట్కాలో అతను తన రాతలన్నీ లెసెప్స్ అనే యువకుడి చేతికిచ్చి నేల దారిన ఫ్రాన్సుకు పంపాడు. మరుసటి ఏడు, అంటే 1788లో, రెండు ఓడలూ పసిఫిక్ దీవుల దగ్గర మునిగిపోయాయి. ఆ కాగితాలు ముందే బయల్దేరి ఉండకపోతే ఆ ఇల్లాళ్ళ మాట ఎవరికీ తెలిసేదే కాదు. ఒక్కామె పేరైనా అతను రాసుకుని ఉంటే ఎంత బాగుండును!

తర్వాత రష్యావాళ్ళు వచ్చారు. స్థానికులు ‘హాజి’ అని పిలుచుకునే లోతైన అఖాతాన్ని 1853లో బొష్న్యాక్ అనే రష్యన్ లెఫ్టినెంటు కనుక్కున్నాడు. ఉన్నవాళ్ళకు తెలిసిందే, కొత్తగా కనుక్కోవడం అన్నమాట! దానికి చక్రవర్తి పేరు పెట్టారు. విప్లవం తర్వాత అది సోవియట్ రేవు అయింది, సోవెత్స్కయా గావన్. 1860లో పెకింగులో జరిగిన ఒడంబడికతో ఆ తీరమంతా చైనా చక్రవర్తి చేతిలోంచి రష్యా చక్రవర్తి చేతిలోకి పోయింది. ఆ సంతకాల సంగతి తుమ్నిన్ ఒడ్డున చేపలు కోస్తున్నవాళ్ళకు ఎప్పుడు తెలిసిందో మరి. సేబుల్ అనే చిన్న జంతువు బొచ్చుకోసం వర్తకులు వచ్చారు. గుడ్డ ఇచ్చి బొచ్చు పట్టుకుపోయారు. గుడ్డ చవకయ్యేకొద్దీ కొయ్యసుత్తికి పని తగ్గింది.

1929లో లెనిన్‌గ్రాడు నుంచి అవ్రోరిన్, కొజ్మిన్స్కీ అనే ఇద్దరు కుర్రవాళ్ళు వీళ్ళ భాష, ఆచారాలు తెలుసుకుందామని వచ్చారు. సవేలీ హుతున్క అనే పెద్దాయన వాళ్ళకు ఒరోచుల విశ్వాన్ని పటంగా గీసి ఇచ్చాడు. అందులో మనముండే భూమి కొమ్ముల్లేని, ఎనిమిది కాళ్ళ పెద్ద దుప్పి. సిహోతె-అలీన్ కొండలు దాని వెన్నెముక. అడవులు, గడ్డి దాని ఒంటిమీది బొచ్చు. నిలబడి నిలబడి కాళ్ళు నొప్పెట్టి అది ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరిగితే భూకంపం. మన ఆదిశేషుడు తల మార్చుకున్నట్టే! ఆ కథలు చెప్పడానికి అప్పటికింకా నోళ్ళున్నాయి, వినడానికి పిల్లలున్నారు.

ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్ళలో అంతా మారిపోయింది. అడవిలో, ఏటి వంపుల్లో చెదురుమదురుగా ఉన్న కుటుంబాలను సమష్టి క్షేత్రాల పేరిట ఊళ్ళలోకి చేర్చారు. తుమ్నిన్ మీద ఉస్కా-ఒరోచ్‌స్కయా అలాంటి ఊరే. 1943-45 మధ్య యుద్ధ అవసరాలకని కొమ్సొమోల్స్క్ నుంచి సోవెత్స్కయా గావన్ దాకా రైలుదారి వేశారు. అది సరాసరి తుమ్నిన్ లోయలోంచే పోతుంది. రైలుతోపాటు వేలమంది కొత్తవాళ్ళు వచ్చారు. ఆస్పత్రి వచ్చింది, బడి వచ్చింది. వాటిని కాదనడానికి లేదు. కాని పొరుగు జాతులు కొన్నిటి భాషలకు 1930లలో లిపి ఏర్పరచి వాచకాలు వేశారు గాని, ఒరోచు భాషకు అది దక్కలేదు. చదువంతా రష్యన్‌లోనే. పిల్లలు హాస్టళ్ళలో ఉండి చదివేవారు.

ఇక ఇంటికొచ్చిన పిల్లవాడు తల్లిని రష్యన్‌లో నీళ్ళడుగుతాడు. తల్లి ఏం చేస్తుంది? నీళ్ళిస్తుంది. వాడు బడిలో వెనకబడకూడదని, నలుగురిలో నవ్వులపాలు కాకూడదని, తనకొచ్చిన నాలుగు రష్యన్ ముక్కలూ కూడదీసుకుని ఆ భాషలోనే బదులిస్తుంది. ఆ తల్లిని తప్పు పట్టగలమా? నేను పట్టలేను. మన ఇళ్ళల్లో కాన్వెంటు పిల్లలతో మనం మాట్లాడే తీరు నాకూ తెలుసు, మీకూ తెలుసు. మనది కోట్ల మంది భాష, ఓ ఇంట్లో తగ్గితే ఇంకో ఇంట్లో నిలుస్తుంది. కొన్ని వందల మంది భాషలో ఒక్క తల్లి మాట మానేసినా వెలితే. పైగా వాళ్ళ మాటలు సగం పనిలో అబ్బేవి. చేపతోలు మోదుతున్న అమ్మ పక్కన కూర్చుంటేనే కదా ఆ పనిముట్టు పేరు పిల్లకు తెలిసేది! రెడీమేడ్ గౌను తొడుక్కున్న పిల్లకు ఆ మాటతో పనేముంది?

అవ్రోరిన్ మాత్రం వాళ్ళను మరిచిపోలేదు. భార్య లెబెదెవా, ఆయనా కలిసి ఒరోచు కథలను 1966లో ఒక పుస్తకంగానూ, 1978లో పాఠాలూ నిఘంటువూ కలిపి మరొకటిగానూ తెచ్చారు. పుస్తకం చేతికొచ్చేసరికి, అందులోని మాటలు ఇంట్లో విని ఎరిగిన పిల్లలు కరువయ్యారు. చిన్నప్పటినుంచీ ఒరోచు మాట్లాడుతూ పెరిగినవాళ్ళలో చివరివారు 2008 ప్రాంతంలో కన్నుమూశారు.

ఇంటిపేర్లు మాత్రం నిలిచాయి. మనకు ఊరి పేరే ఇంటిపేరైనట్టు వాళ్ళకు నది పేరు, నీటి పేరు ఇంటిపేర్లయ్యాయి. హుతు నది దగ్గరివాళ్ళు హుతున్కలు. ‘నాము’ అంటే సముద్రం, ఆ ఒడ్డువాళ్ళు నామున్కలు. పిల్లలకు పెడుతున్నవి ఇవాన్, నటాషా లాంటి రష్యన్ పేర్లే. వాటి పక్కన ఆ ఇంటిపేర్లు ఇప్పటికీ ఉన్నాయి.