గడి దాటే తుపాకి – పావగడ నుంచి తుమకూరు దాకా

మేము బడిలో చదివింది తమిళంలో, ఉద్యోగం చేసింది రైల్వేలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఈసారి మన తాలూకాకే ప్రత్యేకమైన ఒక సంగతి రాస్తున్నాము. తాతల నాటి తుపాకి, దాని లైసెన్సు, అది దాటే పొలిమేర.

మన పావగడ తాలూకా మ్యాపు చూస్తే కర్ణాటక ఒడిలోంచి బయటికి చాచిన చెయ్యిలాగా ఉంటుంది. మూడు పక్కలా ఆంధ్ర. జిల్లా కేంద్రమైన తుమకూరుకు మధుగిరి దారిన పోవాలన్నా నడుమ కొంత దూరం ఆంధ్ర నేల మీద పోవాల్సిందే. బస్సులో కూర్చున్నవాళ్ళకు అది లెక్కలోకి రాదు. చేతిలో తుపాకి ఉన్నవాడికి మాత్రం వస్తుంది.

ఈ చిక్కు ఈనాటిది కాదు. నిడుగల్లు, పావగడ కొండకోటలు పాళెగాళ్ళ చేతుల్లో ఉన్న కాలంలో ఆయుధం లేని ఊరు లేదు. 1799లో టిప్పు పడిపోయాక మైసూరు ఒడెయార్లకు దక్కింది. 1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాడు. ఆ సీమకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి పాళెగాళ్ళ బలాన్ని అణిచాడు. అప్పటి నుంచి మడకశిర, పెనుకొండ మద్రాసు వైపు, పావగడ మైసూరు వైపు. మాట ఒకటే, బంధుత్వాలు ఒకటే, కచేరీలు మాత్రం రెండు.

1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా భారత ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు, పట్టుకొని తిరగరాదు. యూరోపియన్లకు ఆ బాధ లేదు. ఆ చట్టం ఆరో సెక్షన్‌లో ఇంకొక మాట ఉంది. సముద్రం మీద గానీ నేల మీద గానీ బ్రిటిష్ ఇండియాలోకి ఆయుధం తేవాలన్నా, బయటికి తీసుకుపోవాలన్నా లైసెన్సు కావాలి. మైసూరు సంస్థానం బ్రిటిష్ ఇండియా కాదు కదా! అంటే పావగడ రైతు తుపాకి భుజాన వేసుకొని మడకశిరలో ఉన్న వియ్యంకుడి ఇంటికి వేటకు పోతే, కాగితం మీద అది పరదేశం నుంచి ఆయుధం తెచ్చినట్టే.

కొడగువాళ్ళ సంగతి వేరు. 1861లో కమిషనరు మార్క్ కబ్బన్ కాలంలోనే వాళ్ళకు ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు దొరికింది. కొడవలకూ, జమ్మా భూమి ఉన్నవాళ్ళకూ అది ఇప్పటికీ నడుస్తోంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. అంత వెసులుబాటు ఉన్నవాళ్ళకు కూడా ప్రయాణం దగ్గరికి వచ్చేసరికి హద్దు పెట్టారు. జిల్లా దాటితే ఒక రైఫిలు, 100 తూటాలు. ఒక మామూలు గొట్టం తుపాకి, 500 తూటాలు. అంతకు మించరాదు. ఇంట్లో ఉన్న తుపాకి వేరు, దారిలో ఉన్న తుపాకి వేరు అని ప్రభుత్వం ఎప్పుడూ అనుకుంటూనే వచ్చింది.

స్వతంత్రం వచ్చింది, 1956లో రాష్ట్రాలు మారాయి. పావగడ మైసూరు రాష్ట్రంలోనే నిలిచింది, మడకశిర ఆంధ్రప్రదేశ్‌లో నిలిచింది. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. దేశమంతా ఒకటే చట్టం. అయినా లైసెన్సులో అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో రాసే గడి ఒకటి ఉండిపోయింది. అక్కడ కర్ణాటక అని మాత్రమే ఉంటే, మధుగిరి దారిలో ఆ కొంత దూరానికి ఆ కాగితం పలకదు. పాత పొలిమేర పోయిందనుకున్నాము, అది లైసెన్సు పుస్తకంలో కూర్చుంది.

రైలు మాట కూడా చెప్పాలి. రాయదుర్గం–తుమకూరు లైను పావగడ మీదుగా పూర్తయ్యే దాకా మనకు దగ్గర స్టేషన్లు పెనుకొండ, హిందూపురం. రెండూ ఆంధ్రలోనే. పోటీలకు పోయే షూటింగ్ పిల్లలైనా సరే రైలెక్కకముందే గడి దాటాలి. తుపాకి ఖాళీ చేసి, కవర్లో పెట్టి, తూటాలు వేరే పెట్టెలో ఉంచి, అసలు లైసెన్సు చేతిలో పెట్టుకోవాలి. చాటుగా పార్సిల్లో వేయడం అనే తెలివి వద్దు. మందుగుండును చెప్పకుండా రైల్లో తీసుకుపోతే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు.

2005 ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్ళి పోలీసు శిబిరం మీద నక్సల్ దాడి జరిగి పోలీసులు చనిపోయిన తాలూకా మనది. గడి దగ్గర తుపాకి కనబడితే పోలీసులు గట్టిగా అడగడంలో తప్పేమీ లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మన ఇళ్ళల్లో అడవిపందుల కోసం, శెనక్కాయ చేను కావలి కోసం తీసుకున్న మందు కూరే తుపాకులు ఇంకా ఉన్నాయి. లైసెన్సు ఉన్న పెద్దాయన కాలం చేస్తాడు. హిందూపురంలో కాపురమున్న కొడుకు ఆయుధపూజకు పెట్టుకుందామని దాన్ని కారులో వేసుకొని పోతాడు. నాయన గుర్తుగా తీసుకుపోతున్నాను, ఇందులో దోషమేముంది అనుకుంటాడు. చట్టం లెక్క వేరు. లైసెన్సుదారు బతికి ఉంటే, ఆయన ఎదుట గానీ ఆయన రాసిచ్చిన కాగితంతో గానీ మరమ్మతుకో, లైసెన్సు రెన్యువలుకో, ఆయన వాడకానికో ఇంకొకరు మోయవచ్చు. ఆయన పోయాక ఆ కాగితం రాసిచ్చేవాళ్ళే లేరు. అప్పుడది లైసెన్సు లేని తుపాకి. 2019 సవరణ తరువాత దానికి శిక్ష రెండేళ్ళకు తగ్గదు, అయిదేళ్ళ దాకా పోవచ్చు.

చేయవలసింది కష్టమైనది కాదు. ఇరవై ఒకటో సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ తుపాకి అప్పగించి రసీదు తీసుకోండి. తరువాత వారసుడు తన పేర లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు. పెద్దాయన ఉండగానే చేయాలంటే, ఆయనకు 70 ఏళ్ళు నిండినా, తుపాకి 25 ఏళ్ళుగా ఆయన దగ్గరున్నా 2016 నియమాలు దారి ఇస్తున్నాయి. లైసెన్సు గడువు ఇప్పుడు అయిదేళ్ళు. ఒక మనిషికి రెండు తుపాకులే. రెండు రాష్ట్రాల్లో తిరిగే పని ఉన్నవాళ్ళు బయలుదేరకముందే జిల్లాధికారి కచేరీలో ప్రాంతం పొడిగింపు అడగండి.

ఎన్నికల వేళ ఇంకొక మాట. తుపాకులు స్టేషన్‌లో అప్పగించమని ఉత్తరువు వస్తుంది. 2024లో మనం చిత్రదుర్గ లోకసభ స్థానంలో ఏప్రిల్ 26న ఓటు వేశాము, మడకశిరవాళ్ళు మే 13న వేశారు. మన ఎన్నిక అయిపోయింది కదా అని తుపాకి తీసుకొని గడి దాటితే, అక్కడ తనిఖీ ఇంకా నడుస్తూ ఉంటుంది.

ఈ రాత్రే ఇంట్లో పాత లైసెన్సు పుస్తకం తీసి మూడు చూడండి: ఎవరి పేర ఉంది, ఎప్పటి దాకా ఉంది, ఎక్కడ చెల్లుతుంది. మూడింటిలో ఏది సరిగా లేకపోయినా ఆ తుపాకి కారెక్కకూడదు. పాత మైసూరు కాలపు లైసెన్సులు చూసిన పెద్దవాళ్ళు మన సంఘంలో ఉంటే, ఆ వివరాలు నాలుగు మాటలు రాయండి. పిల్లలకు పనికొస్తాయి.