మారుమూల ఇంటికి కరెంటు: లిస్టర్ డీజిల్ ఇంజన్ చరిత్ర

తొలితరం ఆయిల్ ఇంజన్లను నడపడం కంటే మొదలుపెట్టడమే కష్టం. చాలా రకాల్లో సిలిండర్ తలను బ్లోల్యాంపుతో బాగా వేడి చేస్తే తప్ప నూనె అంటుకునేది కాదు. ఇంగ్లండులో గ్లోస్టర్‌షైర్‌లోని డర్‌స్లీ పట్టణంలో 1867లో మొదలైన ఆర్.ఎ. లిస్టర్ కంపెనీ, 1930 ప్రాంతంలో తెచ్చిన సీఎస్ డీజిల్ ఇంజన్‌తో ఈ బాధ తప్పించింది. ఎగ్జాస్ట్ వాల్వును తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పాలి. ఫ్లైవీల్ ఊపందుకున్నాక వాల్వును వదిలేస్తే చల్లటి ఇంజన్ కూడా అందుకునేది.

సీఎస్ ఇంజన్లలో బాగా పేరుపడ్డ 6/1 రకానిది ఒకటే సిలిండర్. నిమిషానికి 650 చుట్లు తిరుగుతూ 6 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ నిదానమే దాని బలం: పిస్టనూ బేరింగులూ నెమ్మదిగా అరుగుతాయి, మామూలు పనిముట్లతోనే విప్పి బాగు చేసుకోవచ్చు. మెకానిక్ దొరకని చోట ఇంతకంటే పెద్ద గుణం ఏముంటుంది? దీపాల విషయంలో మాత్రం ఇదే నిదానం ఇబ్బంది పెట్టింది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి నిమిషానికి 325 సార్లే ఇంధనం మండుతుంది, ఆ లయకు బల్బు మినుకుమినుకుమంటుంది. అందుకే జనరేటర్‌కు కట్టే ఇంజన్లకు మరింత బరువైన ఫ్లైవీల్స్ బిగించారు.

కరెంటు తీగ చేరని పల్లె ఇళ్ళకు ఇదే కంపెనీ స్టార్టోమాటిక్ అనే సెట్టు అమ్మింది. ఇంట్లో ఎవరైనా స్విచ్ వేస్తే బ్యాటరీల బలంతో ఇంజన్ దానంతట అదే మొదలయ్యేది, చివరి దీపం ఆర్పగానే ఆగిపోయేది. అర్ధరాత్రి లేచి షెడ్డు దాకా వెళ్ళే పని లేకుండా చేసిన ఆ ఏర్పాటు నిజంగా గొప్పది. 1948లో బ్రిటన్ విద్యుత్ సరఫరాను జాతీయం చేసింది. ఆ తరవాతి ఏళ్ళలో తీగలు పొలాల దాకా రావడంతో ఈ సెట్లు పనిలేక మూలపడి, సెకండ్ హ్యాండ్ సరుకుగా చేతులు మారాయి.

లిస్టర్ కంపెనీ సీఎస్ తయారీని 1987లో ఆపినా గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాల్లో అదే నమూనా కొనసాగింది. తెలుగు పల్లెల్లోనూ కరెంటు రాకముందు ఆయిల్ ఇంజనే బావి నీళ్ళు తోడింది, టూరింగ్ టాకీసులకు జనరేటరే దిక్కయింది. 2000 తరవాత రాజ్‌కోట్ ఇంజన్లు అమెరికాలో ఊళ్ళకు దూరంగా బతికేవాళ్ళ దాకా వెళ్ళాయి. కొన్నింటి లోపల పోతపోసినప్పటి ఇసుక మిగిలిపోయేది. అందువల్ల జాగ్రత్తపరులు ముందు ఇంజన్ మొత్తం విప్పి, కడిగి, ఆ తరవాతే నడిపేవారు. కొత్త ఉద్గార నిబంధనల వల్ల అమెరికాకు దిగుమతి తరవాత కష్టమైంది.

ఇక ఇంటి వాడకం సంగతికొస్తే, 650 చుట్ల ఇంజన్‌తో 1500 చుట్ల ఆల్టర్నేటర్‌ను తిప్పాలంటే మధ్యలో బెల్టు కావాలి. నష్టాలు పోగా 6/1 నుంచి దాదాపు 3 కిలోవాట్లు చేతికొస్తాయి. చిన్న ఇంటికి ఆ పాటి చాలు. చవగ్గా దొరికిందని 20, 30 కిలోవాట్ల మిగులు సెట్టు కొని నాలుగు దీపాలకు నడపడం తప్పు బేరం. లోడు చాలని డీజిల్ ఇంజన్ చల్లగా నడుస్తుంది, ఇంధనం పూర్తిగా కాలదు, మసి పేరుకుంటుంది, సిలిండర్ గోడలు నునుపెక్కి ఆయిల్ తాగడం మొదలవుతుంది. అవసరానికి సరిపడే సెట్టునే తీసుకుని, రోజూ కొన్ని గంటలు మంచి లోడు మీద నడిపి, ఆ కరెంటును బ్యాటరీల్లో నింపుకుని ఇంజన్ ఆపేయడం మేలైన పద్ధతి.