లండన్ కుర్చీ, డల్లాస్ టిక్కెట్టు

మిరప కోతలప్పుడు మా అక్కయ్యను చూడాలి. చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు వాళ్ళది. తెల్లవారకముందే పొయ్యి దగ్గర నిలబడుతుంది. కూలీలకు అన్నాలు పంపించి, కళ్ళంలో కాయలు ఆరబోయించి, తాలుకాయలు ఏరించి, మళ్ళీ రాత్రి పొయ్యి దగ్గరికి చేరేదాకా ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. పత్తి తీతలు కూడా వచ్చిపడితే ఇక సరేసరి.

అలాంటి మనిషికి పిక్కల మీద నీలం నరాలు మెలికలు తిరిగి ఉబ్బి ఉండేవి. ముగ్గురు పిల్లల పురుళ్ళతో మొదలై, నిలబడే పనితో ముదిరాయి. ఇరవై ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. కుచ్చిళ్ళు పాదాల దాకా దించి కట్టే చీర ఉండగా ఎలా తెలుస్తుంది?

కిందటేడు ఎలాగైతేనేం, గుంటూరు వెళ్ళి లేజరు వైద్యం చేయించుకుంది. మంచిదే. కానీ సరిగ్గా పన్నెండో రోజుకు డల్లాస్‌కు విమానం టిక్కెట్టు! కూతురికి తొలి కాన్పు.

"డాక్టరుకు ప్రయాణం సంగతి చెప్పావా అక్కయ్యా?" అన్నాను.

"కాలికీ విమానానికీ సంబంధం ఏమిటే? నేనేమన్నా నడిచి వెళ్తున్నానా? కూర్చునేగా వెళ్ళేది!" అంది.

కూర్చునేగా! అసలు కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ కథ చాలా పాతది.

దాదాపు మూడున్నర వేల ఏళ్ళ కిందట ఈజిప్టులో రాసిన ఎబర్స్ పపైరస్‌లోనే కాళ్ళమీద పాముల్లా మెలికలు తిరిగే ఈ ఉబ్బుల ప్రస్తావన ఉంది. వాటి జోలికి కత్తి తీసుకుపోవద్దని వైద్యులకు హెచ్చరిక కూడా ఉంది. రోమన్ సేనాని మారియస్ మాత్రం కత్తికి సిద్ధపడ్డాడు. కట్టేయకుండానే, నోరెత్తకుండా ఒక కాలు కోయించుకున్నాడట. రెండో కాలు చాపమంటే మాత్రం, కలిగే మేలు పడే బాధకు సరిపోదని వద్దన్నాడని ప్లూటార్క్ రాశాడు. సేనాని కాబట్టి ఆయన కాళ్ళు చరిత్రకెక్కాయి. ఆయన్ను కన్న తల్లి కాళ్ళ సంగతి ఎవరు రాశారు?

మనం నరాలంటాం గానీ, నిజానికివి సిరలు. నెత్తుటిని తిరిగి గుండెకు చేర్చే గొట్టాలు. వీటి లోపల చిన్న చిన్న తలుపులుంటాయని 1603లో ఇటలీలోని పాడువాలో ఫాబ్రిసియస్ అనే ఆచార్యుడు బొమ్మలు వేసి పుస్తకం అచ్చువేశాడు. అవి ఎందుకున్నాయో మాత్రం ఆయన సరిగ్గా పోల్చుకోలేదు. ఆ రహస్యం 1628లో ఆయన శిష్యుడు విలియం హార్వే విప్పాడు. దుగ్గిరాల లాకులు చూసినవాళ్ళకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. పైకెక్కిన నీరు మళ్ళీ కిందికి జారకుండా తలుపు అడ్డుపడుతుందన్నమాట. ఆ తలుపులు వదులైతే నెత్తురు కిందికి దిగి, సిర ఉబ్బుతుంది. అసలు నెత్తుటిని పైకి తోసేది పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది పిండుతుంది. అడుగు పడకపోతే పంపు ఆగినట్టే.

1891లో జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్, చెడిన సిరను పైన కట్టేసే పద్ధతి ప్రకటించాడు. ఇప్పటి లేజరు చేసేదీ దాదాపు అలాంటిదే. చెడిన సిరను లోపలినుంచి వేడితో మూసేస్తుంది. నెత్తురు మంచి సిరల దారి పడుతుంది.

బాగానే ఉంది, మరి విమానం సంగతేమిటంటారా? దానికి ముందు మనం లండన్ వెళ్ళాలి.

1940 సెప్టెంబరులో లండన్ మీద రాత్రీ పగలూ బాంబులు పడుతున్నాయి. జనం రాత్రంతా నేలమాళిగల్లో డెక్ కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. కాన్వాసు గుడ్డ, ముందు ఒక కర్ర. ఆ కర్ర మోకాళ్ళ వెనక నొక్కుకునేది. బాంబు తగలకుండానే కొందరు తెల్లారి లేచి హఠాత్తుగా చనిపోతున్నారు. కీత్ సింప్సన్ అనే డాక్టరు ఆ శవాలను పరీక్షించి, కాళ్ళలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు చేరడమే కారణమని ఆ ఏడాదే లాన్సెట్ పత్రికలో రాశాడు. కుర్చీలు తీసేసి, పడుకునేందుకు బల్లలు వేయమన్నాడు. చూశారా, శత్రువు ఆకాశంలో ఉన్నాడనుకుంటే ప్రాణం తీసింది కుర్చీ!

1954లో బోస్టన్ సర్జన్ జాన్ హోమన్స్ ఇదే సంగతి విమాన ప్రయాణాలకూ, కారు ప్రయాణాలకూ, చివరికి నాటకం చూస్తూ కూర్చోవడానికీ వర్తిస్తుందన్నాడు. 1977లో దీనికి 'ఎకానమీ క్లాస్' జబ్బని పేరు పెట్టారు. న్యాయమైన పేరు కాదు. పెద్ద టిక్కెట్టు కొన్నవాళ్ళకూ వస్తుంది, రాత్రి బస్సులో కూర్చున్నవాళ్ళకూ వస్తుంది.

ఇందులోకి మన గుంటూరు ఎలా వచ్చింది? 1960లో ఎయిరిండియా న్యూయార్కుకు విమానం నడిపింది. 1965లో అమెరికా వలస చట్టం మారింది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు వెళ్ళారు, తరవాత ఇంజనీర్లు వెళ్ళారు. వాళ్ళ వెనకే పురుళ్ళు పొయ్యడానికి తల్లులు బయల్దేరారు. కళ్ళంలో జీవితమంతా నిలబడ్డ కాళ్ళు, ఒక్కసారిగా రోజంతా సీట్లో ముడుచుకుని కూర్చోవాలి.

భయపడిపోకండి. నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణాల్లో ఇలాంటి గడ్డ ఏర్పడేది దాదాపు ఆరువేల మందిలో ఒకరికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. అయితే కొత్తగా వైద్యం చేయించుకున్నవాళ్ళ లెక్క వేరు. మూసిన సిరలోని గడ్డ అరుదుగా లోపలి పెద్ద సిరలోకి పాకవచ్చు. అందుకే చాలామంది డాక్టర్లు దూరపు విమాన ప్రయాణాన్ని నాలుగు వారాలో ఆపైనో వాయిదా వేసుకోమంటారు. ఎన్నాళ్ళన్నది మనిషిని బట్టి వాళ్ళే చెప్పాలి. మనంతట మనం ఆస్పిరిన్ మింగి ఎక్కేయడం తెలివి కాదు.

అక్కయ్య చివరికి డాక్టరుతో చెప్పింది. ఆయన నెల ఆగమన్నాడు. ఆవిడ ఏడ్చింది. తొలి కాన్పుకు కన్నతల్లి లేకపోతే లోకం ఏమంటుందని! ఆఖరుకు వియ్యపురాలే ముందు వెళ్ళి పురుడు పోసింది. లోకం ఏమీ అనలేదు.

నెల దాటాక అక్కయ్య బయల్దేరింది. కొలత తీసి ఇచ్చిన బిగుతు మేజోళ్ళు తొడుక్కుంది. ఇవీ ఒక రోగి పుణ్యమే. కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే అమెరికా ఇంజనీరు తన కాళ్ళ బాధ ఈతకొలనులో నిలబడితే తగ్గుతోందని గమనించాడు. లోతుకొద్దీ నీళ్ళు ఎక్కువ నొక్కుతాయి కదా అని, మడమ దగ్గర బిగువుగా, పైకి వెళ్ళేకొద్దీ వదులుగా ఉండే మేజోళ్ళు తయారుచేశాడు. అక్కయ్య దారిలో మంచినీళ్ళు తాగుతూ, గంటకోసారి లేచి నడిచింది. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించింది. దిగాక కొన్ని వారాల్లోపు ఒక కాలు వాచినా, నొప్పిపెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా ఆలస్యం లేకుండా ఆస్పత్రికి వెళ్ళమని డాక్టరు చెప్పిన మాట కాగితం మీద రాసి సంచిలో పెట్టుకుంది. దాని అవసరం రాలేదు.

మీ ఇంట్లోనూ ఓ అక్కయ్యో, అత్తయ్యో కుచ్చిళ్ళ కింద కాళ్ళు దాచుకుని తిరుగుతూ ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు పచ్చడి జాడీలు తెచ్చుకునే ముందు ఒక్కసారి ఆ కాళ్ళ సంగతి అడగండి.