ఎన్నేళ్లు పాలిస్తే నియంత?

పోయిన ఏడాది మన ఫోరం సర్వసభ్య సమావేశంలో జరిగిన వాదన చాలామందికి గుర్తుండే ఉంటుంది. అధ్యక్షుడు రెండు సార్లకు మించి ఉండకూడదని బైలాలో రాద్దామని ఒకరన్నారు. "మంచిగా పనిచేసే మనిషిని ఎందుకు దించాలి?" అని ఇంకొకరు. "లిమిట్ లేకపోతే నియంత అయిపోతాడు" అని వెనక నుంచి ఒకాయన గట్టిగా అరిచారు. ఆ మాట నన్ను వదల్లేదు. నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి, చరిత్ర పండితుణ్ణి కాను. కానీ ఇక్కడ డబ్లిన్‌లో సైటు పని అయ్యాక సాయంత్రాలు కూర్చుని కొంత చదివాను. చదివింది మీ ముందు పెడుతున్నాను.

ముందు మనం బతుకుతున్న దేశం సంగతి చూద్దాం. జార్జ్ వాషింగ్టన్ రెండు సార్లు అధ్యక్షుడిగా చేసి 1797లో తనంతట తానే ఇంటికి వెళ్లిపోయారు. చట్టమేమీ లేదు, తర్వాత అదే ఆనవాయితీ అయింది. ఆ ఆనవాయితీని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ దాటారు. 1932, 1936, 1940, 1944, వరుసగా నాలుగు సార్లు గెలిచి 1945 ఏప్రిల్‌లో పదవిలోనే చనిపోయారు. కనీస వేతనం, ఓవర్‌టైమ్‌కు ఒకటిన్నర రెట్లు అని మనం లెక్క చూసుకుంటామే, అవి ఆయన 1938లో సంతకం పెట్టిన చట్టంతోనే దేశమంతటికీ వచ్చాయి. మరి ఆయన నియంతా? సుప్రీంకోర్టు ఆయన చట్టాలు కొన్నింటిని కొట్టేసింది. జడ్జీల సంఖ్య పెంచి తనవాళ్లను నింపుకుందామని 1937లో చూస్తే, ఆయన పార్టీ చేతిలోనే ఉన్న సెనేట్ ఒప్పుకోలేదు. ప్రపంచ యుద్ధం నడుస్తున్నా 1944లో ఎన్నికలు ఆగలేదు. అయినా ఒక్క మనిషి అన్నేళ్లు ఉండటం మంచిది కాదని జనం అనుకున్నారు. 1951లో 22వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అప్పటి నుంచి ఎవరూ రెండు సార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కావడానికి వీల్లేదు.

మన దేశంలో ప్రధానమంత్రికి గానీ ముఖ్యమంత్రికి గానీ ఇలాంటి పరిమితి ఈనాటికీ లేదు. నెహ్రూ దాదాపు 17 ఏళ్లు ప్రధానిగా ఉన్నారు. కానీ 1952, 1957, 1962లో జనం ముందుకు వెళ్లి ఓటు అడిగారు. ఇందిరా గాంధీ సంగతి జాగ్రత్తగా చూడాలి. 1966 నుంచి ఆమె ప్రధాని. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చింది. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. ప్రతిపక్ష నాయకులను జైళ్లలో వేశారు, పత్రికల మీద సెన్సారు పెట్టారు. ఆగస్టులో 39వ సవరణ తెచ్చి ప్రధాని ఎన్నిక మీద కోర్టులు విచారణ చేయకుండా కట్టేశారు. 1976లో జరగాల్సిన లోక్‌సభ ఎన్నికలు వాయిదా వేశారు. ఐదేళ్ల గడువును 42వ సవరణతో ఆరేళ్లు చేశారు.

గమనించండి. మనిషి ఆమే, కుర్చీ అదే. అంతకు ముందు తొమ్మిదేళ్లు ఒక లెక్క, ఆ 21 నెలలు ఇంకో లెక్క. తేడా ఎక్కడ వచ్చింది? దించే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోయిన చోట వచ్చింది. 1977 మార్చిలో చివరికి ఎన్నికలు పెడితే ఆమె రాయ్‌బరేలీలో ఓడిపోయారు. అప్పుడు కూడా మన ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో మాత్రం నీలం సంజీవరెడ్డి జనతా పార్టీ తరఫున గెలిచారు. కొత్త ప్రభుత్వం 1978లో 44వ సవరణతో గడువును మళ్లీ ఐదేళ్లకు తెచ్చింది. 1980లో ఇందిరమ్మ మన మెదక్ నుంచి కూడా గెలిచి మళ్లీ ప్రధాని అయ్యారు. దించిన జనమే మళ్లీ ఎక్కించారు.

దీనికి పూర్తిగా అటువైపు ఉన్నది నిజాం పాలన. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 నుంచి 1948 వరకు 37 ఏళ్లు ఏలారు. ఉస్మానియా యూనివర్సిటీ, నిజాంసాగర్ ఆయన కాలంలోనివే, కాదనలేం. కానీ ఆయన వద్దనుకుంటే చెప్పడానికి మన తాతల చేతిలో ఓటు లేదు. మంచి పనులు చేశారా అన్నది ఒక ప్రశ్న. వద్దంటే దిగుతారా అన్నది వేరే ప్రశ్న.

సరే, మరి లిమిట్ పెడితే చాలా? నా పక్కన పనిచేసే మెక్సికో మేస్త్రీల దేశం చరిత్ర చూడండి. పోర్ఫిరియో దియాస్ "మళ్లీ ఎన్నిక వద్దు" అనే నినాదంతోనే 1876లో అధికారానికి వచ్చారు. తర్వాత రాజ్యాంగం మార్పించుకుని, మధ్యలో నాలుగేళ్లు తప్ప 1911 దాకా కూర్చున్నారు. ఆ దెబ్బకు 1917 రాజ్యాంగంలో అధ్యక్షుడు ఒక్కసారే అని రాసుకున్నారు. అయినా 1929 నుంచి 2000 దాకా 71 ఏళ్లు ఒకే పార్టీ ఏలింది. గడువు రాగానే మొహం మారింది, పెత్తనం మారలేదు.

ఇలాంటిది నేను చిన్న ఎత్తున కళ్లారా చూశాను. ఇంతకు ముందు నేనున్న ఒక సంఘంలో రెండేళ్ల లిమిట్ ఉండేది. గడువు కాగానే పెద్దాయన తన బావమరిదిని అధ్యక్షుణ్ణి చేశారు. చెక్‌బుక్ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. ఇక్కడ చనిపోయినవాళ్ల భౌతికకాయం ఊరికి పంపడానికి మనమంతా వేసుకున్న డబ్బు అది. లెక్క అడిగితే నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

మన పని భాషలో చెప్తాను. కాంక్రీట్ పోసే ముందు స్టీల్ కట్టింది సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి కార్డు మీద సంతకం పెట్టాలి. నేను పదేళ్లు సూపర్‌వైజర్‌గా ఉన్నా బిల్డింగుకు ప్రమాదం లేదు. నా పనికి నేనే ఇన్‌స్పెక్టర్‌నై సంతకం పెట్టుకున్న రోజు ప్రమాదం మొదలవుతుంది.

కాబట్టి లిమిట్ లేనంత మాత్రాన నియంత కాడు. లిమిట్ ఉన్నంత మాత్రాన మనకు భద్రతా లేదు. అయినా రెండు సార్ల లిమిట్‌కు నేను చెయ్యెత్తుతాను, కొత్తవాళ్లు పని నేర్చుకుంటారు. దాంతోపాటు ఇంకో మూడు మాటలు బైలాలో రాద్దాం. ఎన్నిక తేదీని అధ్యక్షుడు జరపకూడదు. లెక్కలు కమిటీ బయటివాళ్లు చూసి ఏడాదికోసారి అందరి ముందు చదవాలి. ప్రశ్న అడిగినవాణ్ణి సభ్యత్వం నుంచి తీసే అధికారం ఒక్కరి చేతిలో ఉండకూడదు. వచ్చే సమావేశానికి తప్పకుండా రండి. చెయ్యెత్తేవాళ్లు లేకపోతే ఏ బైలా అయినా కాగితమే.