మన కాగితాలు ఏ గోదాంల ఉన్నయ్? డిస్కుల చరిత్ర కొంచెం

పోయిన పోస్టు కింద ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు, "అన్నా, ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఇన్ని డేటా సెంటర్లు కడుతున్నరు, కిటికీలు లేని ఆ బిల్డింగుల లోపల ఏముంటది?" అని. నేను చదివింది పదో తరగతి. కాకపోతే అట్లాంటి సైట్ల మీద పని చేయించిన. అక్కడి ఐటీ పిల్లల్ని అడిగి, సెలవు రోజుల్లో చదివి తెలుసుకున్నది రాస్తున్న. పెద్ద పోస్టు, టీ పెట్టుకొని చదవండి.

లోపల ఉండేవాటిల డిస్కులు ఒకటి. 1956 లో ఐబీఎం కంపెనీ మొదటి డిస్కు మిషను అమ్మింది. 24 అంగుళాల పళ్ళేలు 50, ఒకదాని మీద ఒకటి. అంతా కలిపితే పట్టింది 50 లక్షల అక్షరాలు. మన ఫోన్‌తో తీసే ఒక్క ఫోటోకు అటూ ఇటూగా సరిపోతది. ఆ తర్వాత చాలా ఏండ్లు ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో డిస్కు అన్నట్టు నడిచింది. ఒక డిస్కు నిండి పొర్లుతుంటే పక్కది ఖాళీగా ఉండేది. ఎక్కడిది తీసి ఎక్కడ పెట్టాలో ఒక మనిషి కూర్చొని చూసుకునేటోడు, అచ్చం మన సైట్‌ల స్టోర్ కీపర్ లెక్క.

దానికి మందు పూల్. డిస్కులన్నీ కలిపి ఒకే చెరువు చేసి, ఎవరికి ఎంత కావాలో అంత తూము వదలడం. 1980ల చివర్ల ఐబీఎం తన పెద్ద కంప్యూటర్లకు "ఏ ఫైలు ఎక్కడుండాలో మనిషి కాదు, రూలు చెప్తది" అనే పద్ధతి తెచ్చింది. 1988 లో అమెరికా బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు చవక డిస్కులు కొన్ని కలిపి, ఒకటి పోయినా సరుకు పోకుండా దాచే రెయిడ్ పద్ధతి మీద పేపర్ రాసిండ్రు. ఈ రెండు ఆలోచనల మీదనే ఇప్పటి మేడ లేసింది.

మరి జర్మనీల సొంత గోదాం మీద ఇంత పట్టుదల ఎందుకు? అమెరికా కంపెనీల క్లౌడ్ కిరాయికి దొరుకుతది కదా. దానికి వెనక పెద్ద కథ ఉంది. మన ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న హెస్సెన్ రాష్ట్రమే 1970 లో ప్రపంచంలో మొట్టమొదటి డేటా రక్షణ చట్టం చేసింది. 1983 లో సర్కారు జనాభా లెక్కలు తీస్తానంటే జనం తిరగబడ్డరు. హిట్లర్ కాలంల మనుషుల లిస్టులతో ఏం చేసిండ్రో వీళ్ళకు యాదికుంది. ఆ ఏడు డిసెంబర్ 15న రాజ్యాంగ కోర్టు తీర్పు చెప్పింది: తన వివరాల మీద హక్కు ఆ మనిషిదే అని. లెక్కలు చట్టం మార్చుకొని 1987 లో గాని జరగలేదు. 2013 లో స్నోడెన్ అమెరికా నిఘా సంగతి బయటపెట్టినప్పుడు, 2020 లో యూరప్ కోర్టు అమెరికాకు డేటా పంపే ఒప్పందాన్ని కొట్టేసినప్పుడు ఈ పట్టుదల ఇంకా గట్టిపడ్డది. అట్లా సొంత జాగాల, సొంత మిషన్ల మీద నడిపే ప్రైవేట్ క్లౌడ్ ఇక్కడ బాగా పాకింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌కే ఇన్ని బిల్డింగులు రావడానికి కారణం వేరే. 1995 లో మూడు ఇంటర్నెట్ కంపెనీలు ఒక పాత పోస్టాఫీసు వెనక గదిల తమ వైర్లు కలుపుకున్నయ్. అదే ఇప్పటి డీ-సిక్స్, ప్రపంచంల పెద్ద ఇంటర్నెట్ కూడళ్ళల ఒకటి. కూడలి పక్కన దుకాణాలు వచ్చినట్టు దాని పక్కన డేటా సెంటర్లు వచ్చినయ్.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. గోదాం చిన్నదైతే రిజిస్టర్‌ల రాసుకుంటం, ఫలానా బస్తా ఫలానా వరసల అని. కోట్ల బస్తాలైతే? రిజిస్టర్ ముందరనే లైన్ కడతది. అమెరికాల సాంటా క్రూజ్ యూనివర్సిటీల సేజ్ వైల్ అనే విద్యార్థి, ఆయన తోటివాళ్ళు 2006 లో సెఫ్ అనే పద్ధతి బయటపెట్టిండ్రు. ఇందుల బస్తా బస్తాకు రిజిస్టర్ ఎంట్రీ ఉండదు, రూలు ఉంటది. రేషన్ షాపుల కార్డు చివరి అంకె 3 అయితే మూడో తారీఖు రావాలె అని పెట్టిండ్రనుకోండి, ఎవర్నీ అడగకుండానే మన రోజు మనకు తెలుస్తది. అట్లనే ఫైలు పేరు మీద లెక్క చేస్తే ఏ డిస్కులో తేలిపోతది. సాధారణంగా మూడు కాపీలు పెడ్తరు. ఆ మూడూ ఒకే మిషన్‌ల, ఒకే ర్యాకుల పడకుండా రూలు రాసుకోవచ్చు. మనం ఒకే పిల్లర్ మీద మొత్తం బరువు వెయ్యం కదా, అదే తెలివి. డిస్కు చచ్చిపోతే మిగతావి వాటంతట అవే కొత్త కాపీ చేసుకుంటయ్.

ఇంత తెలివైనదాంట్ల కూడా చాన్నాళ్ళు ఒక పని మనిషి నెత్తి మీదనే ఉండె. ఫైళ్ళను విడివిడిగా కాకుండా గుంపులు కట్టి డిస్కుల మీద పెడ్తరు. పూల్ కట్టేటప్పుడే ఎన్ని గుంపులో చెప్పాలె. లెక్క ఇట్లా: డిస్కుకు సుమారు 100 చొప్పున, కాపీల సంఖ్యతో భాగించి, 2, 4, 8, 16 అని రెట్టింపయ్యే వరసల దగ్గరి సంఖ్య తీసుకోవాలె. 30 డిస్కులైతే 3,000, మూడు కాపీలు కాబట్టి 1,000, పెట్టాల్సింది 1,024. తక్కువ పెడితే కొన్ని డిస్కులే నిండుతయ్, ఎక్కువ పెడితే మిషన్ల మెమరీ తింటది. పెంచొచ్చు గాని తగ్గించనీకి రాదు. స్లాబ్ పోసినాక మందం తగ్గించలేం చూడండి, అట్ల. 2019 లో వచ్చిన నాటిలస్ వెర్షన్‌తో ఈ బాధ పోయింది. గుంపుల్ని కలపనీకి వీలైంది, ఎన్ని ఉండాలో పూల్ నిండేదాన్ని చూసి మిషనే సవరించుకుంటది. మరుసటి ఏడు ఆక్టోపస్ వెర్షన్ నుంచి కొత్త పూల్‌కు అది మొదటినుంచే ఆన్‌ల ఉంటది.

జర్మనోళ్ళ చెయ్యి కూడా ఇందుల ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గంట రైలు దూరంల ఫుల్డా ఉంది కదా, అక్కడి ఇట్-నోవుమ్ అనే కంపెనీ ఓపెన్ అటిక్ అనే ప్రోగ్రామ్ చేసింది. కమాండ్లు కొట్టకుండా తెర మీద బటన్లు నొక్కి పూల్స్ చూసుకోనీకి. 2016 లో దాన్ని నూరెంబర్గ్ వాళ్ళ సూసె కంపెనీ తీసుకుంది. 2018 లో సెఫ్‌కే వచ్చిన డ్యాష్‌బోర్డు ఆ పని లోంచి పుట్టిందే. తర్వాత సూసె తన స్టోరేజ్ సరుకు అమ్మడం ఆపేసింది, కానీ ఆ తెర ఉండిపోయింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. నాకైతే ఇది మంచి మేస్త్రీ కట్టిన గోడ లెక్క అనిపిస్తది, కంపెనీ పోయినా గోడ నిలబడ్డది.

ఇంత రాసింది ఎందుకంటే, ఇక్కడ మన అందరి వివరాలు కూడా ఇట్లాంటి డిస్కుల మీదనే ఉంటయ్. జర్మనీల విదేశీయుల సెంట్రల్ రిజిస్టర్ 1953 నుంచి ఉంది, కార్డులతో మొదలై కంప్యూటర్‌కు ఎక్కింది. 1994 లో దానికి ప్రత్యేక చట్టం వచ్చింది. ఒక ఆస్ట్రియా ఆయన, "జర్మన్లకు లేని రిజిస్టర్ నాకెందుకు" అని కోర్టుకు పోతే, 2008 లో యూరప్ కోర్టు యూరప్ పౌరుల విషయంల కొన్ని హద్దులు పెట్టింది. మనకు ఆ తీర్పు వర్తించదు.

పూల్ ఎంత తెలివిగా నడిచినా అందుల రాసింది తప్పా ఒప్పా దానికి తెలవదు. మనోళ్ళ పాస్‌పోర్టుల ఇంటి పేరు ఒకచోట, అసలు పేరు ఒకచోట తారుమారైతయ్, కొందరికైతే ఇంటి పేరు గడి ఖాళీ. అది తప్పుగ ఎక్కితే మూడు కాపీలూ తప్పే, మూడూ పదిలంగ ఉంటయ్. వీసా పొడిగింపు అప్పుడో, పెన్షన్ లెక్క అప్పుడో బయటపడ్తది. యూరప్ డేటా చట్టం 15వ ఆర్టికల్ కింద నా గురించి ఏమేం పెట్టుకున్నరో చూపించండి అని కంపెనీని గాని, ఆఫీసును గాని అడగొచ్చు. మామూలుగా నెల లోపల జవాబు రావాలె, పైసలు కట్టక్కర్లేదు. 16వది తప్పు దిద్దమని అడిగే హక్కు. రిజిస్టర్ వివరాల కోసం రాతపూర్వకంగ అడగాలె, మనం ఎవరమో రుజువు పెట్టాలె. లెటర్ జర్మన్‌ల ఎట్లా రాయాలో కావాలంటే కామెంట్‌ల చెప్పండి, నా దగ్గర ఒక నమూనా ఉంది, పేర్లు తీసేసి పెడ్త.