మాట వెనుక కథ: వార్త

'వార్త' సంస్కృతం నుంచి వచ్చిన మాట. మూలం 'వృత్' ధాతువు. ఉండటం, జరగటం, బతుకు సాగించటం దాని అర్థాలు. వృత్తి, వర్తకం, వర్తమానం దీని చుట్టాలే. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పిన నాలుగు విద్యల్లో వార్త ఒకటి. అక్కడ దానర్థం సేద్యం, పశుపోషణ, వ్యాపారం. జరిగిన సంగతి అనే అర్థమూ సంస్కృతంలోనే ఉంది. తెలుగులో అదే నిలిచింది. పేరు మోగితే 'వార్తల్లోకెక్కాడు' అంటాం.

కొత్తగా కలం పట్టే విద్యార్థి విలేకరులు బతుకుతెరువు, జరిగిన సంగతి అనే ఆ రెండర్థాలనూ కలిపి పట్టుకోవాలి. గుంటూరు మిర్చి యార్డులో ధర పడిందనుకోండి. 'రైతుల ఆందోళన' అని రాస్తే సంగతి సగమే. పడింది ఏ రకం ధర, తేజాదా? క్వింటాలుకు నిన్న ఎంత, ఇవాళ ఎంత? ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి? రైతునూ, కమిషన్ వ్యాపారినీ, యార్డు అధికారినీ విడివిడిగా అడగాలి. అంకెను రికార్డుతో సరిచూడాలి. పేర్లు పొల్లుపోకుండా రాసుకోవాలి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలకూ జవాబు దొరికాకే రాయడానికి కూర్చోవాలి. ఒకరి బతుకుతెరువు మీద రాసే ప్రతి వాక్యానికీ ఆ మాత్రం శ్రమ తప్పనిసరి.